‘యాంటీ’ అని రాసిన డబ్బా

“మీరే! ఇంకెవరో కాదు, మీ మొగుడూ పెళ్ళాలే! మా అమ్మ కన్ను పోతే ఆ పాపం మీదీ, మీ ఫ్యాక్టరీదీ!”

ఆడబిడ్డది బస్సు కండక్టరు గొంతు. చివరి సీటు దాకా వినబడాలని పదేళ్ళు అరిచి అరిచి సానపట్టిన గొంతు. రెండు గదుల ఇంట్లో దానికి చోటు చాల్లేదు. కిటికీలోంచి దూకి వీధిలో పడింది. ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్న మనిషి, తడి చొక్కా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

కోడలు మంచం పక్కన తడిగుడ్డ పిండుతోంది.

మంచం మీద అత్తగారు. నుదుటి మీద కుడి సగమంతా నీటిపొక్కులు. మధ్యలో ఎవరో స్కేలు పెట్టి గీత గీసినట్టు, ఎడమ సగంలో ఒక్కటీ లేదు. కుడికన్ను ఉబ్బి మూసుకుపోయింది.

జిప్పుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగ అంటారు. లైను మీద పరిగెత్తే చైనులో ఒక్క పన్ను వంకరగా ఉంటే చాలు, మిషను ఆగకముందే ఆమె వేలు దాని మీద పడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ వేలు తప్పలేదు. ఆ వేలికి దారి చూపిన కళ్ళలో ఒకటి ఇప్పుడు తలుపేసుకుంది.

“సోమవారం పొద్దున పొక్కులొచ్చాయి. ఇవాళ బుధవారం. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు వదినా?”

“యాంటీ వేశాం కదమ్మాయ్. రోజుకి రెండు.”

“ఏం యాంటీ?”

“యాంటీయే. ఫ్యాక్టరీ డబ్బాలోది. మీ అన్నయ్య తెచ్చారు.”

“దాని పేరేంటి అంటున్నా.”

ఆ మాత్రకి ఒక పేరు ఉండి ఉంటుందన్న సంగతే కోడలికి ఇప్పుడు తట్టింది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఒకప్పుడు నర్సు గది ఉండేది. ఖర్చు దండగ అని యజమానులు దాన్ని మూసేసి, అందులో అట్టపెట్టెలు పేర్చుకున్నారు. మిగిలిన మందులు తీసుకొచ్చి లైను మేస్త్రీ చేతిలో పెట్టారు. ఆ మేస్త్రీ ఈ కోడలి భర్త, ఈ డేగ కొడుకు. చదివింది పదో తరగతి. స్ట్రిప్పులు డబ్బాలో పట్టడం లేదని కత్తెరతో ఒక్కో మాత్రా కత్తిరించి, బిస్కెట్ల డబ్బాలో పోసి, మూత మీద నల్ల మార్కరుతో గుండ్రటి అక్షరాలతో ‘యాంటీ’ అని రాశాడు. జ్వరమొస్తే యాంటీ. గొంతునొప్పికి యాంటీ. వేలు తెగితే యాంటీ. కత్తిరించినప్పుడే మాత్రల పేర్లు పోయాయి. ఎవడూ అడగలేదు. అడగనివ్వలేదు.

“నిన్న అత్తయ్య గేటు పాసు అడిగారు,” అంది కోడలు మెల్లగా. “ఆస్పత్రికి వెళ్తానని.”

“ఎవర్ని?”

“మీ అన్నయ్యనే. ఆర్డరు ఉంది, షిఫ్టు అయ్యాక వెళ్దువుగాని అన్నారు. షిఫ్టు అయ్యేసరికి ఆస్పత్రిలో చీట్లు రాసే టైము అయిపోయింది.”

“ఆహా! కన్నతల్లికి గేటు పాసు ఇవ్వని మహానుభావుడు! ఫొటో తీసి గోడకి తగిలించండి!”

“అరవకే,” అంది మంచం మీంచి డేగ. “నా తల్లో పొద్దుట్నుంచీ ఒక మిషను నడుస్తోంది. నువ్వు రెండోది మొదలుపెట్టకు. ఇదిగో, ముక్కు కొసన ఏదో చురచురలాడుతోంది, చూడు.”

కండక్టరు వంగి చూసింది. ముక్కు కొస మీద ఆవగింజంత నీటిపొక్కు. నిన్న లేదు.

ఆమెకు వైద్యం తెలీదు. కానీ ఇంక ఆగలేదు. టికెట్ల సంచి భుజానికి సర్దుకుని ఒక్కటే మాట అంది.

“పదండి.”

* * *

కళ్ళ డాక్టరమ్మ చిన్నది. కోడలి కంటే ఓ రెండేళ్ళు చిన్నదేమో. బల్ల మీద పెట్టుకున్న టీ మీద తొరక కట్టింది. వరండాలో ఇంకా నలభైమంది ఉన్నారు. అయినా ముక్కు కొస మీది పొక్కు చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఇది ఎప్పుడొచ్చింది?”

“ఇవాళే.”

“నుదుటి మీదవి?”

“సోమవారం పొద్దున ఆరింటికి,” అంది డేగ. “తల దువ్వుకుంటుంటే దువ్వెనకి తగిలాయి.”

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది. మధ్యాహ్నం పన్నెండు. వేళ్ళ మీద లెక్కపెట్టింది. “యాభై నాలుగు గంటలు. డెబ్బై రెండు లోపల మందు పడాలి. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. తర్వాతైనా ఇస్తాం గానీ, ఎంత ముందు పడితే కన్ను దక్కే ఆశ అంత ఎక్కువ.”

కంట్లో పచ్చటి చుక్క వేసింది. నీలం దీపం వెలిగించి చూసింది. చాలాసేపు చూసింది.

“నల్లగుడ్డు మీద సన్నటి గీతలు మొదలయ్యాయి. లోపలికి దిగలేదు. ఇది సర్పి, నరం వెంట పొక్కులు లేచే జబ్బు. ముక్కు కొసకీ కంటికీ ఒకటే నరం. అక్కడ పొక్కు లేచిందంటే కంటి గుమ్మం దాకా వచ్చేసిందని అర్థం. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా పెద్దమ్మా?”

“వచ్చింది. ఏడో ఏట. ఇప్పుడు దాని ఊసెందుకు?”

“ఇది అదే.”

“అదేంటి?”

“అప్పుడు వచ్చిన వైరసే ఇది. పోలేదు. మీ ముఖం నరం మొదట్లో దూరి పడుకుంది. యాభై ఏళ్ళు పడుకుని మొన్న లేచింది.”

కోడలు మనసులో లెక్క వేసుకుంది. అత్తగారి పెళ్ళి, పురుళ్ళు, మామగారి చావు, ముప్పై ఏళ్ళ లైను, తను కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు... అన్నీ జరుగుతున్నంతసేపూ అది అక్కడే ఉంది. ఆ చెంప వెనకే. నిద్రపోతూ.

“మందు వేశారా ఏమైనా?”

“యాంటీ వేశామండీ,” అంది కోడలు, సంచిలోంచి మిగిలిన మాత్ర తీసి.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది. వెనక రేకు మీద పేరులోని చివరి రెండక్షరాలే మిగిలాయి. “ఇది యాంటీబయాటిక్, బాక్టీరియాకి వేసేది. దానికో సొంతిల్లు ఉంటుంది, గోడలుంటాయి. ఈ మాత్ర వెళ్ళి ఆ గోడలు కూలుస్తుంది. వైరస్‌కి ఇల్లూ లేదు, గోడా లేదు. లేని గోడని ఏం కూలుస్తుంది చెప్పండి? ఇది నాలుగు వేసినా నాలుగొందలు వేసినా ఒకటే.”

కోడలు తల దించుకుంది. రెండు రోజులు. రోజుకి రెండు. నీళ్ళ గ్లాసు తన చేత్తోనే అందించింది.

“మరి దీని మందు ఏం చేస్తుంది? చంపుతుందా?” అంది కండక్టరు.

“చంపదు.”

“చంపని మందెందుకండీ?”

డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. వరండా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ డేగ వైపు తిరిగింది. “మీరేం పని చేస్తారు పెద్దమ్మా?”

“జిప్పులు.”

డాక్టరమ్మ తన హ్యాండుబ్యాగు తీసి బల్ల మీద పెట్టింది. జిప్పు సర్రుమని లాగింది. “అయితే సులువు. వైరస్ ఒట్టి చేతులతో వస్తుంది. దాని దగ్గర ఉండేది ఒక పొడుగాటి చైను మాత్రమే. పన్ను పక్కన పన్ను, లక్షకి పైగా పళ్ళు. అది మన కణంలోకి దూరి, మన ఫ్యాక్టరీలో, మన సరుకుతో, ఆ చైనుకి నకళ్ళు తయారు చేయిస్తుంది. వేల నకళ్ళు. ఈ మందు ఒక తప్పుడు పన్ను. అచ్చం అసలు పన్నులాగే ఉంటుంది. చైనులోకి ఎక్కుతుంది. కానీ రెండోవైపు కొక్కెం ఉండదు. దాని తర్వాత ఇంకో పన్ను...”

“అది పన్ను కాదమ్మాయ్,” అంది డేగ.

మూసిన కన్ను మూసే ఉంది. తెరిచిన కన్ను మాత్రం మెరిసింది.

“తప్పుడు పన్ను అయితే జిప్పు లాగే రన్నరు దాని మీంచి గెంతి పోతుంది. ముప్పై ఏళ్ళు చూశా. తర్వాత ఒక్క పన్నూ పట్టకూడదంటే అది స్టాపర్. జిప్పు కొసన కొట్టే ఇనప ముక్క. నువ్వు చెప్పేది, చైను మధ్యలో స్టాపర్ కొట్టడం.”

డాక్టరమ్మ ఆమెను కళ్ళార్పకుండా చూసింది. “స్టాపర్,” అంది. “అవును. అదే మాట. ఇన్నేళ్ళూ తప్పు చెబుతున్నా.”

“మా కోడలు కొట్టేది అదే. రోజుకి నాలుగు వేలు.”

కోడలు తన చేతులు చూసుకుంది. పదేళ్ళుగా కాలితో పెడలు తొక్కుతూ చేత్తో జిప్పు జరుపుతూ, టక్, టక్ మని కొట్టే ఆ ముక్క. గోరంత. దాన్ని ఎవరూ చూడరు. బ్యాగు కొనేవాళ్ళు కూడా చూడరు. అలాంటి ముక్క మనిషి కణంలోకి వెళ్ళి ఇంత రాక్షసిని ఆపుతుందా?

“అయితే ఒకటి అడుగుతా,” అంది డేగ. ఆమె పట్టు వదిలే రకం కాదు. “మన ఒంట్లోనూ చైనులు తయారవుతాయి కదా? గాయం మానాలన్నా, జుట్టు పెరగాలన్నా. ఈ స్టాపర్ పోయి వాటిక్కూడా పడితే? నా లైను ఆగదూ?”

డాక్టరమ్మ చల్లారిన టీ ఒక్క గుక్క తాగింది. ఇంతమంది రోగులున్నారన్న సంగతి ఆ క్షణం మర్చిపోయినట్టుంది.

“పడదు. ఎందుకో వినండి. ఈ మందు ఒంట్లోకి వెళ్ళినప్పుడు నిద్రలో ఉంటుంది. ముద్ర లేని ముక్క. మూడు ముద్రలు పడితే గానీ అది చైనులోకి ఎక్కదు. మొదటి ముద్ర కొట్టే మిషను మన దగ్గర దాదాపు లేనట్టే. అది వైరస్ దగ్గర ఉంది.”

“ఏంటీ?” అంది కండక్టరు.

“వైరస్ తన పని కోసం తెచ్చుకున్న మిషను. అదే వెళ్ళి ఈ మందుకి మొదటి ముద్ర కొడుతుంది, తనకి పనికొచ్చే సరుకే అనుకుని. మిగతా రెండూ మన కణం కొడుతుంది. వైరస్ లేని కణంలో ఆ మొదటి ముద్ర పడక, మందు ఊరికే తిరిగి తిరిగి ఒంట్లోంచి వెళ్ళిపోతుంది.”

బయట ఎవరో దగ్గారు.

“అంటే,” అంది కండక్టరు. బస్సులో చివరి సీటు దాకా పాకే ఆ గొంతు ఇప్పుడు గుసగుస అయిపోయింది. “దొంగ ఎక్కి, తన టికెట్టు తనే పంచ్ చేసుకుని, చెకింగు వాడికి తనే చూపించినట్టా?”

“అంతే.”

“అది దాని చేత్తో అదే...”

“అంతే అన్నా కదా. మీరు కండక్టరా?”

డేగ ఎడమ కంట్లోంచి ఒక చుక్క జారింది. అది నొప్పికి కాదని కోడలికి తెలుసు. నొప్పికి ఆమె ఎప్పుడూ ఏడవలేదు. ఎంతో గొప్పగా తయారైన సరుకు చేతికి వచ్చినప్పుడు, తప్పు వెతికీ వెతికీ దొరకనప్పుడు, ఆమె కళ్ళు ఇలాగే చెమరుస్తాయి.

“ఎవరు కనిపెట్టారో గానీ,” అంది చివరికి, “వాళ్ళ చూపు నా చూపు కంటే మంచిది.”

డాక్టరమ్మ చీటీ రాసింది. “పడుకున్నదాన్ని ఇది లేపి కొట్టలేదు. లేచినదాని పని ఆపుతుంది, అంతే. మిగతాది మీ ఒళ్ళు చూసుకుంటుంది. రోజుకి ఐదు మాత్రలు, నాలుగేసి గంటలకి ఒకటి, ఏడు రోజులు. నీళ్ళు బాగా తాగాలి. రేపు మళ్ళీ చూపించాలి. ఒక్క మాత్ర కూడా తప్పకూడదు. తప్పితే ఆ నాలుగు గంటలూ లైను మళ్ళీ నడుస్తుంది.”

“కన్ను ఉంటుందా?”

“రేపు అడగండి.”

తలుపు దాకా వెళ్ళిన డేగ ఆగింది. “ఇదే మందు జ్వరాలక్కూడా పనికొస్తుందా అమ్మాయ్? మా ప్యాకింగులో వారం నుంచీ అందరూ మూలుగుతున్నారు. ఒళ్ళునొప్పులు, దగ్గు, కాలిపోయే జ్వరం.”

“అది ఫ్లూ అయ్యుండొచ్చు. దీనికి అది లొంగదు. ఏ వైరస్ తాళం దానిదే. ఉత్త జలుబుకైతే ఇప్పటికీ తాళంచెవి దొరకలేదు. ఫ్లూకి వేరే మందుంది. అది చైను ఆపదు, గేటు మూస్తుంది. కణంలో తయారైన కొత్త వైరస్‌లు గోడకి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు కత్తిరించుకుంటేనే బయటికి పోయి పక్క కణంలో దూరగలవు. ఆ కత్తెరని ఈ మందు పట్టేస్తుంది. ఎన్ని తయారైనా గుమ్మంలోనే ఉండిపోతాయి.”

“గేటు పాసు ఇవ్వదన్నమాట,” అంది డేగ. “నా కొడుకు పోలికే.”

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“కానీ మొదటి రెండు రోజుల్లోనే బాగా పనిచేస్తుంది,” అంది డాక్టరమ్మ. “అందరికీ అక్కర్లేదు. కడుపుతో ఉన్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు. వాళ్ళకి మాత్రం ఆలస్యం చేయకూడదు. ప్రాణం మీదికి వస్తుంది.”

మొదటి మాత్ర వరండాలోనే మింగింది డేగ, కుళాయి నీళ్ళతో. తెల్లటి మాత్ర. పెద్దది. గొంతులో దిగుతుంటే కోడలు ఆ గొంతునే చూస్తూ నిలబడింది. టక్, అనుకుంది లోపల. టక్. టక్.

* * *

రెండో మాత్ర నాలుగింటికి పడింది. సాయంత్రం ఆరున్నరకి మేస్త్రీ వచ్చాడు. చెప్పులు విప్పాడు. చెల్లెల్ని చూశాడు. భార్యని చూశాడు. అమ్మని చూడలేదు.

కుక్కర్ మూత చప్పుడు కాకుండా దింపింది కోడలు.

“ఏమన్నారు?” అన్నాడు ఎవర్నీ చూడకుండా.

“నీ యాంటీ మాత్ర చూసి డాక్టరమ్మ మురిసిపోయింది అన్నయ్యా. సన్మానం చేస్తుందట.”

“నన్నెందుకంటావు? నేను డాక్టర్నా? డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది ఎవరు? వద్దంటే ఉద్యోగం ఉంటుందా? యాంటీ అంటే యాంటీయేగా! ఎవరికి తెలుసు అందులో రకాలుంటాయని!”

“తెలీదని చెప్పొచ్చుగా,” అంది కోడలు.

అతను భార్య వైపు తిరిగాడు. పదేళ్ళలో ఆమె అతనికి ఎదురు మాట్లాడటం ఇదే మొదలు.

“తెలీనప్పుడు తెలీదని చెప్పాలండీ. మీరు మూత మీద పేరు రాశారు. మీ అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. అందుకే నమ్మాను. నా చేత్తో నీళ్ళు ఇచ్చి మింగించాను.”

ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. వీధిలో సైకిలు బెల్లు మోగి ఆగింది.

“ఆ డబ్బా తీసుకురా,” అంది డేగ మంచం మీంచి.

“ఎందుకమ్మా?”

“తీసుకురా అన్నాను.”

“డబ్బా ఖాళీ.”

డేగ లేచి కూర్చుంది. కోడలు పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది.

“నిన్న సగం ఉంది కదరా?”

“ఇవాళ పొద్దున జ్వరాలని ప్యాకింగు నుంచీ, లైను నుంచీ పదకొండుమంది వచ్చారు. గేటు పాసులు అడిగారు. ఆర్డరు రేపటికి వెళ్ళాలి, మాత్ర వేసుకుని కూర్చోండి అని తలా రెండు ఇచ్చేశాను.” చెబుతుంటేనే తనకి వినబడుతోంది, తను ఏం చెబుతున్నాడో.

“పదకొండుమంది ఎవరెవరు?”

అతను చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. చదివాడు. కటింగు అన్నదమ్ములిద్దరు. పొట్టి తాత. నాలుగో మిషను, ఆరో మిషను. పాటల పాప. ఒక్కో పేరుకీ డేగ తలాడిస్తోంది, లైను మీద పళ్ళు చూస్తున్నట్టు. ఏడో పేరు దగ్గర అతను ఆగాడు.

“చదవరా.”

“లేబుళ్ళ పిల్ల.”

కోడలు గరిట పక్కన పెట్టి ఇటు తిరిగింది. లేబుళ్ళ పిల్లకి ఏడో నెల.

“జ్వరం ఎప్పుడొచ్చిందంది?” డేగ గొంతులో వణుకు లేదు.

“నిన్న మధ్యాహ్నం. మాత్ర వేసుకున్నాక ధైర్యంగా ఉందంది. డాక్టరు దగ్గరికి ఇంక అక్కర్లేదులే బాబాయ్ అని... నవ్వింది.”

ధైర్యం! అతను ఆ పిల్లకి ఇచ్చింది మందు కాదు. ఆస్పత్రికి వెళ్ళనక్కర్లేదన్న నమ్మకం. విషం కంటే చెడ్డది అదే.

డేగ ఒంటి కంటితో గడియారం చూసింది. ఆరూ నలభై. కోడలు మూడో మాత్ర గిన్నెలో తీసి పెట్టింది, ఎనిమిదింటికని. డేగ చెయ్యి చాచి ఆ మాత్ర తీసుకుంది. నోట్లో వేసుకోలేదు. కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“అత్తయ్యా!” అంది కోడలు. “డాక్టరమ్మ ఏమన్నారు? ఒక్కటి కూడా...”

“విన్నాను. నాకు చెవులు బాగానే ఉన్నాయి.” కొడుకు వైపు తిరిగింది. “ఎనిమిదింటికి ఇది నేను మింగాలి. నీ చేత్తో ఇస్తేనే మింగుతాను.”

“ఇప్పుడే ఇస్తానమ్మా...”

“ఇప్పుడు కాదు. చెప్పులేసుకో. ముందు లేబుళ్ళ పిల్ల ఇంటికి వెళ్ళు. తలుపు కొట్టు. నేనిచ్చింది తప్పు మాత్ర అని నీ నోటితో చెప్పు. కంపెనీ ఇచ్చింది, వాళ్ళిచ్చారు, వీళ్ళిచ్చారు అనకు. నేనిచ్చాను అను. పెద్దాస్పత్రిలో ఎమర్జెన్సీ గేటు తెరిచే ఉంటుంది, దానికి నీ పాసు అక్కర్లేదు. ఆ పిల్లని డాక్టరు ముందు కూర్చోబెట్టు. ఫ్లూ మందు ఇస్తారా లేదా అడుగు. అడిగి తెలుసుకుని రా. ఆ పుస్తకం నీ చెల్లెలికివ్వు, మిగతా పదిమందికి అది కబురు చెబుతుంది. దాని గొంతుకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.”

కండక్టరు అప్పటికే సంచి భుజానికి వేసుకుంది.

“అమ్మా, ఆర్డరు... రేపు పొద్దున యజమాని...”

“రేపు పొద్దున గంట మోగేటప్పటికి నేను గేటు దగ్గర ఉంటాను. ఒక కన్నుతోనో రెండు కళ్ళతోనో, అది నీ చేతిలో ఉంది. నర్సు గది తలుపు తెరవాలి. జ్వరం వచ్చినవాళ్ళకి వచ్చిన రోజే పాసు రాయాలి. అవి రెండూ జరిగేదాకా ఒక్క రన్నరు కదలదు. నీ పెళ్ళాం పెడలు మీద కాలు పెట్టదు. అడుగు కావాలంటే.”

అతను భార్యను చూశాడు.

“పెట్టను,” అంది కోడలు.

అతను అరచేతిలో ఉన్న తెల్ల మాత్రను చూసుకున్నాడు. చెమటకి దాని అంచు అప్పుడే కరగడం మొదలైంది.

“పిడికిలి బిగించకురా, కరిగిపోతుంది. జేబులో పెట్టుకుని పరిగెత్తు,” అంది డేగ. “గంటా ఇరవై నిమిషాలే ఉంది. పో!”